టెస్ట్ సూట్ అంతా పాసైన టీవీ యాప్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: "వెబ్ టెస్టింగ్‌లో అనుభవం ఉంది. ఇప్పుడు జర్మనీ క్లయింట్‌కి హెచ్‌బీబీటీవీ యాప్ టెస్ట్ చేసే ప్రాజెక్ట్ వచ్చింది. స్టాండర్డ్ ప్రకారం టెస్టులన్నీ పాసైతే సెక్యూరిటీ టెస్టింగ్ మళ్ళీ విడిగా ఎందుకు?"

విడిగా చేయాల్సిందే. నన్నడిగితే మీకున్న టైమ్‌లో సగం దానికే పెట్టండి. నేను మ్యూనిక్‌లో ఇదే పని చేశాను, ఇప్పుడు హైదరాబాద్ నుంచి చేస్తున్నాను, కాబట్టి కళ్ళతో చూసిందే చెప్తాను.

హెచ్‌బీబీటీవీ అంటే ప్రసారంతో పాటు ఇంటర్నెట్ పేజీని కూడా టీవీ తెర మీద చూపించే పద్ధతి. మన దగ్గర పెద్దగా తెలీదు కానీ, జర్మనీలో దాన్ని వాడే రిమోట్ మీది ఎర్ర బటన్ అంటే పెద్దవాళ్ళకి కూడా అలవాటే. ఛానెల్ పెట్టగానే బొమ్మతో పాటు ఏఐటీ అనే టేబుల్ కూడా ప్రసారంలో వస్తుంది, యాప్ అడ్రస్ అందులోనే ఉంటుంది, ఆటోస్టార్ట్ అని ఉంటే టీవీ ఎవరినీ అడక్కుండా ఆ పేజీ తెరిచేస్తుంది. చూసేవాళ్ళకి తెర మూలన ఎర్ర గుర్తు ఒక్కటే కనిపిస్తుంది. ఆ బటన్ నొక్కకముందే, టీవీ ఏ ఛానెల్‌లో ఉందో సర్వర్లకి తెలిసిపోతోందని డార్మ్‌స్టాట్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లోనే చూపించారు.

స్టాండర్డ్ పాటిస్తే చాలు అనేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది 2014 సంగతి. యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ ఇచ్చిన హెచ్‌బీబీటీవీ స్టాండర్డ్, టీఎస్ 102 796, మొదటి వెర్షన్ 2010లో వచ్చింది. ప్రసారంలోనే దిగే యాప్, తాను ఏ వెబ్‌సైట్‌కి చెందిందో తానే చెప్పుకోవచ్చని అప్పటి స్పెసిఫికేషన్‌లో ఉంది. అంటే దొంగ ప్రసారం పంపినవాడు ఏ సైట్ పేరైనా పెట్టుకోవచ్చు, టీవీ నమ్మేస్తుంది. యోసెఫ్ ఓరెన్, ఏంజెలోస్ కెరోమిటిస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పట్టుకుని 2014లో యూసెనిక్స్ సెక్యూరిటీ సదస్సులో పేపర్ ఇచ్చారు. అక్కడ టీవీ అక్షరం పొల్లుపోకుండా స్టాండర్డ్‌నే పాటిస్తోంది. ఇంకెన్ని కంప్లయన్స్ టెస్టులు పెట్టినా ఆ లోపం ఎలా బయటపడుతుంది చెప్పండి?

ఇక నా అనుభవం. మా ల్యాబ్‌లో ఒక గోడ నిండా టీవీలే, ఒక్కోదానికి మోడల్ పేరు, సంవత్సరం రాసిన టేపు అంటించి ఉండేది. ఒక ఛానెల్ వాళ్ళ యాప్ రిలీజ్‌కి ముందు టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. యాప్ మొదలవడం, ఆగడం, ఛానెల్ మార్చితే చచ్చిపోవడం, అంకెల బటన్లు యాప్ లాక్కోకుండా టీవీకే వదలడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింది వరసలో ఒక పాత టీవీ ఉంది, మెనూ తెరవడానికే ఆపసోపాలు పడేది. ఆ టీవీలో మా యాప్ మాత్రం కొత్తవాటికంటే ముందు తెరుచుకుంటోంది. అది నాకు మింగుడు పడలేదు.

నెట్ కేబుల్‌ని నా ల్యాప్‌టాప్ గుండా తిప్పి, నెట్‌లో పోయే డేటా చూపించే వైర్‌షార్క్ పెట్టాను. పేజీ, స్క్రిప్టు, చూసేవాళ్ళని గుర్తుపట్టే టోకెన్, అన్నీ ఎన్‌క్రిప్షన్ లేని ఉత్త హెచ్‌టీటీపీలో పోతున్నాయి. వేగానికి కారణం అదే, ఆ బలహీనమైన ప్రాసెసర్‌కి ఎన్‌క్రిప్షన్ బరువు లేదు. తవ్వితే కథ తెలిసింది. 2021 సెప్టెంబర్ 30న వెబ్‌సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుకున్న పాత రూట్ సర్టిఫికెట్ (ఆ సర్టిఫికెట్లని టీవీ నమ్మడానికి ఆధారం అదే) గడువు అయిపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన సర్టిఫికెట్లతోనే బతికే పాత టీవీలకి అప్‌డేట్ రాలేదు, యాప్ తెరుచుకోలేదు, ప్రేక్షకుల ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు ఎవరో, టీవీ తన వివరాలు సర్వర్‌కి చెప్పుకునే యూజర్ ఏజెంట్‌లో ఆ మోడళ్ళ పేర్లు కనిపిస్తే హెచ్‌టీటీపీకి పంపేలా "తాత్కాలికంగా" ఒక లైను రాశారు. అది అలాగే ఉండిపోయింది.

సాయంత్రం అందరూ ఉండగానే, మధ్యలో స్క్రిప్టు ఫైల్ మార్చి చూపించాను. ఛానెల్ లోగోతో, అదే రంగుల్లో, పిల్లలు చూడకూడని కార్యక్రమాలకి పెట్టుకునే పిన్ మళ్ళీ కొట్టమని ఒక పెట్టె వచ్చింది. మా టీమ్ లీడ్ రిమోట్ తీసుకుని నాలుగంకెలు నొక్కారు. ఒక్కో అంకె నొక్కుతుంటే నా ల్యాప్‌టాప్ తెర మీద పడుతోంది. ఆయన రిమోట్ కింద పెట్టేసి వెంటనే క్లయింట్‌కి ఫోన్ చేశారు.

తర్వాత వాదన ఎంత విసుగంటే, ఛానెల్ వాళ్ళు టీవీ కంపెనీ తప్పు అన్నారు, టీవీ కంపెనీ ఆ మోడల్‌కి సపోర్ట్ అయిపోయింది అంది. "ఎంతమంది వాడుతున్నారులే" అని కూడా ఒకరన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పదేళ్ళనాటి టీవీ ముందు రోజంతా కూర్చునేది ఎవరు? ముసలివాళ్ళు. తెర మీద అడిగితే పిన్ కొట్టేదీ వాళ్ళే. చివరికి ఆ మోడళ్ళలో లాగిన్, పిన్, సగంలో ఆపిన కార్యక్రమం గుర్తుపెట్టుకోవడం అన్నీ తీసేసి ఉత్త పేజీలే మిగిల్చారు. నేనైతే ఇంకా ముందే చేయాల్సిందంటాను.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. మన మేనేజర్లకి ఎమ్యులేటర్ అంటే, కంప్యూటర్‌లోనే టీవీలా నటించే ప్రోగ్రామ్ అంటే, మహా ప్రీతి. ఎమ్యులేటర్ నడిచేది మీ ల్యాప్‌టాప్ సర్టిఫికెట్లతో, మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌తో. నేను చెప్పిన లోపం అందులో జన్మలో కనపడదు. పాత టీవీలేమో ఆడిట్ వచ్చిందంటే స్క్రాప్‌కి పోతాయి. ల్యాబ్‌లో అన్నిటికంటే విలువైన వస్తువులు అవే, దయచేసి పోనివ్వకండి, అడ్డుపడి గొడవైనా పెట్టుకోండి. పైగా ఈ పనిని "టీవీ చూసే ఉద్యోగం" అని జీతంలో కోత పెట్టేవాళ్ళున్నారు. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ (ప్రసారంలో వచ్చే డేటా) చదవగలిగి, నెట్‌వర్క్ అర్థమై, జావాస్క్రిప్టు తెలిసినవాళ్ళు ఎంతమంది దొరుకుతారో వాళ్ళే చెప్పాలి.

మీరు ముందు, ఆ స్ట్రీమ్‌ని విప్పి చూపించే టీఎస్‌డక్ అనే టూల్ నేర్చుకోండి, ఉచితం. స్ట్రీమ్‌లోంచి ఏఐటీ బయటికి తీసి ఎక్స్‌ఎంఎల్‌గా చదువుకోవచ్చు, అడ్రస్ మార్చి మళ్ళీ పెట్టొచ్చు. ఆ స్ట్రీమ్‌ని ప్రసార సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్‌ని కేబుల్‌తోనే టీవీకి కలపండి, లైసెన్స్ లేకుండా గాల్లోకి వదలడం నేరం. ఎర్ర బటన్ నొక్కకముందు ఏం పోతోంది, నొక్కాక ఏం పోతోంది అని రెండు క్యాప్చర్లు విడివిడిగా తీయండి. దొంగ సర్టిఫికెట్ చూపించినప్పుడు టీవీ ఒప్పుకుంటోందా, ఆగుతోందా అన్నది ప్రతి మోడల్ మీదా చూడండి, ఒక దాంట్లో ఆగితే అన్నిటిలో ఆగుతుందని అనుకోవద్దు.

ప్రాజెక్ట్ మొదలయ్యే రోజే క్లయింట్‌ని, మీ యాప్ ఏయే మోడళ్ళకి ఇంకా హెచ్‌టీటీపీలో వెళ్తోంది అని అడగండి. నోటిమాటగా వద్దు, మెయిల్‌లో అడగండి, మీ మేనేజర్‌ని కాపీలో పెట్టండి.