4 జీబీ ల్యాప్‌టాప్‌ల కోడ్ రాసెతందుకు ఏ ఎడిటర్ పెట్టుకోవాలె?

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట, హన్మకొండ హాస్టల్ల ఉండి బీటెక్ ఫస్టియర్ చదువుతున్న. మా చిన్నాయిన ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, విండోస్ 10, ర్యామ్ 4 జీబీ. క్లాసుల అందరు వీఎస్ కోడ్ అనే ఎడిటర్ అంటరు, నా దాంట్ల అది తెరిచి పక్కన క్రోమ్ పెడితే మౌస్ కూడ కదుల్తలేదు. సీనియర్ అన్న విమ్ అనే ఇంకో ఎడిటర్ నేర్చుకోమన్నడు, తెరిచిన గని బయటికి ఎట్ల రావాల్నో తెల్వక పవర్ బటన్ ఒత్తిన. సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునెతందుకు ఏది మంచిది?

జవాబు: తమ్మీ, ముందుగాల పవర్ బటన్ సంగతి, ఇంకోసారి అట్ల ఒత్తకు, సేవ్ చెయ్యని ప్రోగ్రామ్ పోతది. విమ్ తెరవంగనే నువ్వు కొట్టేవి అక్షరాలు కావు, కమాండ్లు. చిన్న ఐ (i) కొడితే రాసుడు మొదలైతది, అయిపోయినంక ఎస్కేప్ ఒత్తి, కోలన్ పెట్టి డబ్ల్యూ క్యూ (:wq) కొట్టి ఎంటర్ ఒత్తితే, ఫైల్‌కు పేరు పెట్టి తెరిచి ఉంటే, సేవ్ అయి బయటికొస్తవ్.

వీఎస్ కోడ్ మంచిదే, కాకపోతే అది ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తది, అంటే లోపల క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజరే ఉంటది, నువ్వు పక్కన క్రోమ్ గూడ తెరిస్తే రెండు బ్రౌజర్లు నడిపినట్టే, పైకెల్లి ఎక్స్‌టెన్షన్లు, ఇగ 4 జీబీ ఏడ సరిపోతది.

నేనైతే నీకు జీనీ (Geany) అనే ఎడిటర్ చెప్త. ఫ్రీ, చాన తేలిక. నువ్వు రాసిన సీ ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడిపేటట్టు మార్చే జీసీసీ కంపైలర్ మాత్రం విడిగ ఎక్కించుకోవాలె. ఎఫ్9 ఒత్తితే బిల్డ్ అయితది, ఎఫ్5 ఒత్తితే రన్ అయితది, తప్పు ఉంటే కింద మెసేజ్ వస్తది, దాని మీద క్లిక్ చేస్తే ఆ లైన్ కాడికే తీస్కపోతది. సెమీకోలన్ మరిస్తే కొన్నిసార్లు కింది లైన్ల తప్పు చూపెడ్తది, అప్పుడు పై లైన్ చివర చూడు. మీ ల్యాబ్‌ల టర్బో సీ అనే పాత కంపైలర్ ఉంటే ఇంకోటి యాదిపెట్టుకో, అక్కడ స్క్రీన్ తుడిచే క్లియర్‌స్క్రీన్ (clrscr) ఫంక్షన్ జీసీసీల నడవది, ఆ లైన్ తీసెయ్.

మీ సీనియర్ చెప్పింది గూడ తీసిపారెయ్యకు. 1976ల బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ విమ్‌కు ముందటి ఎడిటర్ వీఐ (vi) రాసిన నాడు ఆయన ఇంటి మోడెమ్ స్పీడ్ 300 బాడ్, అంటే చాన మెల్లగ, ఒక్కో అక్షరం స్క్రీన్ మీదికి వచ్చుడే ఆలస్యం, అందుకే కమాండ్లన్ని ఒకటి రెండు అక్షరాలల్ల పెట్టిండు. దాని బాటల్నే బ్రామ్ మోలెనార్ 1991ల విమ్ తెచ్చిండు, ఇయ్యాల గూడ చాన లినక్స్ సర్వర్లల్ల వీఐ గని విమ్ గని ఉంటది, రేపు ఉద్యోగంల సర్వర్ల ఫైల్ మార్చాల్సొస్తే అక్కెరకొస్తది. విమ్‌ట్యూటర్ అని పాఠం దాంట్లనే ఉంటది, అరగంటల అయిపోతది. సెమిస్టర్ సెలవులల్ల ఇంటికి పోయినప్పుడు కూసొని చెయ్యి, అప్పటిదాక జీనీల రోజుకో ప్రోగ్రామ్ రాయి.