సైడింగుకు కరెంటు వైరు వేసే ముందు

చిరంజీవి పెంచలయ్యకు, పెదనాయన ఆశీస్సులు.

మీ ప్లాంటు సైడింగును, అంటే మెయిన్ లైను నుంచి ప్లాంటులోకి చీలిన పట్టాలను, కరెంటుకు మార్చాలా, డీజిలే ఉంచాలా అని నోటు రాయమన్నారట కదా. మెయిన్ లైను సంగతిలో తర్జనభర్జన అక్కర్లేదబ్బాయ్. గూడూరు-విజయవాడ లైనుకు వైరు పడి దశాబ్దాలైంది. వెంకటాచలం-ఓబులవారిపల్లె లైను 2019లో వైరుతోనే మొదలైంది. రాపూరు, చెర్లోపల్లి మధ్య ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం ఉంది. అందులో బొగ్గు బండిని డీజిల్‌తో లాగితే ఆ పొగ ఎటు పోతుంది?

అమెరికాలో గూడ్సులన్నీ డీజిలే కదా అని మీ మేనేజరు అడ్డం తిరగొచ్చు. అక్కడ పట్టాలు ప్రైవేటు కంపెనీలవి, వైరు ఖర్చంతా వాళ్ల నెత్తినే. మిల్వాకీ రోడ్ కంపెనీ ఉన్న వైరునే 1974లో వదిలేసింది, అదీ చమురు ధర మండిపోతున్న రోజుల్లో! ఆ లెక్కలు మనకు చెల్లవు. బొగ్గు కరెంటుతో బొగ్గే మోయడమేందని నవ్వేవాళ్లూ ఉంటారు. కొండ వాలు దిగేటప్పుడు డబ్ల్యూఏజీ-9 (గూడ్సు లాగే కరెంటు ఇంజను) బ్రేకు వేస్తే కరెంటు తిరిగి వైరులోకి పోతుంది. డీజిల్ ఇంజనులో ఆ శక్తంతా వేడిగా గాలిలో కలుస్తుంది.

నువ్వు తేల్చాల్సింది వైరు ఎక్కడ ఆగాలన్నదే. రేకు (వ్యాగన్లన్నీ కలిపిన పూర్తి బండి) వచ్చి నిలబడే లైన్ల దాకా వేయించు. లేకపోతే ప్రతి రేకుకూ ఇంజను మార్చాలి: ఊడదీయడం, తగిలించడం, బ్రేకు పైపులో 5 కేజీల ఒత్తిడి వచ్చేదాకా గాలి నింపడం, చివరి వ్యాగను దాకా బ్రేకు పడుతోందో లేదో చూడడం. టైమంతా దానికే పోతుంది. పైగా ఊరికే నిలబడ్డ డీజిల్ ఇంజను గంటకు 20 లీటర్లకు అటూఇటుగా తాగుతుంది.

వ్యాగన్ టిప్లరు (వ్యాగనును తిరగేసి సరుకు దించే యంత్రం) మీద, పేలోడరు (సరుకు ఎత్తే బండి) తిరిగే చోట మాత్రం వైరు వద్దే వద్దు. కొలతలు చూడు: బాక్స్ వ్యాగను (పైకప్పు లేని వ్యాగను) అంచు పట్టా నుంచి 3.2 మీటర్లు. నిండిన సరుకు మీద నిలబడి టార్పాలిన్ లాగే మనిషి తల 5 మీటర్ల దాకా వస్తుంది. వైరు ఉండేది ఐదున్నర దగ్గర, అందులో 25,000 వోల్టులు. తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా లాగేస్తుంది. రెండు మీటర్ల ఎడం తప్పనిసరి. అందుకే వైరు ఆగే చోటు నుంచి టిప్లరు దాకా తోయడానికి ఒక డీజిల్ షంటరు (యార్డులో వ్యాగన్లు జరిపే ఇంజను) ఉంచుకోండి. 58 వ్యాగన్లు నిండితే 5,000 టన్నులు దాటుతాయి గనక, ఒక్కసారే తోస్తారా, ముక్కలు చేసి తోస్తారా అన్నది చూసుకుని షంటరు తీసుకోండి. తుఫానులో వైరు తెగినా, స్తంభం ఒరిగినా ఆ షంటరే దిక్కు.

వైరు మొదట్లో ఎర్తింగ్ హీల్ ఉన్న ఐసోలేటరు, అంటే తీయగానే వైరును ఎర్తుకు కలిపే స్విచ్చి, పెట్టించు. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. స్విచ్చి తీసేశారు కదా అని వైరు మీద చెయ్యి వేయకూడదు. పక్క లైను వల్ల అందులో కరెంటు పుడుతుంది. వైరులో మిగిలిన కరెంటును ఎర్తుకు దించే డిస్‌ఛార్జ్ రాడ్డు వాడాలి: దాని క్లాంపు ముందు పట్టాకు బిగించి, ఆ తర్వాతే కొక్కెం వైరుకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు కొక్కెం, తర్వాత క్లాంపు. పని చేసే చోటికి రెండు పక్కలా ఒక్కో రాడ్డు ఉండాలి. హడావుడిలో ఈ వరస తారుమారు చేసేవాళ్లే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

మన ఉప్పుగాలికి బొగ్గు ధూళి తోడైతే ఇన్సులేటర్ల మీద పొర కడుతుంది. తెల్లారుజామున మంచుకు ఆ పొర తడిసి నిప్పు రేగుతుంది, వైరుకు కరెంటు ఇచ్చే ఫీడరు ట్రిప్ అవుతుంది. పింగాణీ కంటే సిలికాన్ రకం మేలు. అయినా తుడిచే పని తప్పదు, ఆ ఖర్చు కూడా నోటులో చూపించు.

రోడ్డు పట్టాలు దాటే గేటు ఉంటే రెండు పక్కలా 4.67 మీటర్ల హైట్ గేజి (ఎత్తు బండ్లను ఆపే అడ్డకమ్మి) కావాలి. కోతల కాలంలో వరిగడ్డి ట్రాక్టర్లు దానికి తగులుకుంటాయి. ఊరివాళ్లతో ముందే మాట్లాడి, గడ్డికి వేరే దారి చూడండి.

స్తంభాల గుంతలు తవ్వేటప్పుడు సిగ్నల్ కేబుళ్లు తెగడం మామూలే. కేబుళ్లు పోయే దారి కూడా ప్లానులో గీయించి, రైల్వే డివిజన్‌లో వైరు పనులు చూసే ట్రాక్షన్ వాళ్లకు నోటు కంటే ముందే చూపించు.

ఇట్లు,
పెదనాయన