ప్రాజెక్టు ముగిశాక మా అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తి చేసింది. ప్రపంచ బ్యాంకు నిధులతో రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఒక ప్రాజెక్టులో జిల్లా స్థాయిలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్లలో ప్రాజెక్టు ముగుస్తుందట. ఆ తర్వాత రోడ్డున పడుతుందేమోనని మాకు టెన్షన్. గ్రూప్-2కి ప్రిపేర్ అవమంటే వినడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ భయంలో న్యాయం ఉందండీ. అయినా చేరనివ్వమనే నా సలహా. కాకపోతే చేరే ముందు ఆ ప్రాజెక్టు గురించి కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ముందుగా ఒక మాట. ప్రపంచ బ్యాంకు డబ్బును చాలామంది విరాళం అనుకుంటారు. మన రాష్ట్రాలకు వచ్చేది ఎక్కువగా అప్పు. చాలా ప్రాజెక్టుల్లో ప్రభుత్వం ముందు తన బడ్జెట్ నుంచే ఖర్చు పెట్టి, లెక్కలు పంపి, ఆ మేరకు బ్యాంకు నుంచి తిరిగి రాబట్టుకుంటుంది. తర్వాత ఏళ్ల తరబడి తీరుస్తుంది. అందుకే అక్కడ ట్రెజరీ, ఆడిట్, టెండర్ నిబంధనలు, బ్యాంకు నిబంధనలు అన్నీ కలిసి నడుస్తాయి. ఈ రెండు వైపులా తెలిసిన మనిషికి ఒక ప్రాజెక్టు పోతే ఇంకోటి దొరుకుతుంది.

మీ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. మహిళా పొదుపు సంఘాల ద్వారా పేదరికం తగ్గించే వెలుగు పథకం 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన ఆరు జిల్లాల్లో విజయనగరం ఒకటి. 2003లో రెండో దశతో మిగతా జిల్లాలకూ వెళ్లింది. తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. 2011లో బ్యాంకు ప్రాజెక్టు ముగిసింది. కానీ పొదుపు సంఘాలు, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు మూతపడలేదు. ఊళ్లలో ఇప్పటికీ ‘వెలుగు ఆఫీసు’ అనే మాట వినిపిస్తుంది. అదే ఏడాది కేంద్రం దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తెచ్చినప్పుడు మన సంఘాల అనుభవమే దానికి పెద్ద ఆధారం. మన ఊళ్ల సంఘాల మహిళలు సీఆర్పీలుగా, అంటే తమ అనుభవంతో ఇతరులకు నేర్పేవాళ్లుగా, బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి అక్కడ సంఘాలు కట్టించారు.

ఇదెలా నిలబడింది? సంఘాల్లో తిరిగేది సభ్యుల సొంత పొదుపు. దానిమీద మామూలు బ్యాంకులు సంఘాలకిచ్చే లింకేజీ అప్పు. వచ్చే వడ్డీ తేడాలో కొంత సంఘానికే మిగిలేది. పైనుంచి నిధి ఆగినా అప్పు ఇవ్వడం, వసూలు చేయడం ఆగలేదు. ఈ పథకాన్ని నడిపే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) కూడా ప్రభుత్వం పెట్టిన సంస్థే కాబట్టి ప్రాజెక్టు ముగిశాక కొనసాగింది. అన్నీ సవ్యంగా జరిగాయని మాత్రం అనను. గ్రామ సంఘం లెక్కలు రాసే వీఓఏల గౌరవ వేతనం మీద ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఆందోళనలు నడిచాయి. తెలంగాణలో సెర్ప్ ఉద్యోగులకు పే స్కేల్ వచ్చింది 2023లో. అంతకాలం ఎదురుచూడటం ఎంత కష్టమో ఆ కుటుంబాలకే తెలుసు. మీ అమ్మాయికి ఆ మాట దాచకుండా చెప్పండి.

ఇప్పుడు ఆమె చేయాల్సిన పని. ప్రపంచ బ్యాంకు ప్రతి ప్రాజెక్టుకీ మొదట ఒక అంచనా పత్రం, ముగిశాక ఒక ముగింపు నివేదిక రాసి వెబ్‌సైట్‌లో పెడుతుంది. తనకు వచ్చిన ప్రాజెక్టు అంచనా పత్రం చదవమనండి. నిధులు ఆగాక నిర్వహణ ఖర్చు ఎవరిది? దానికి రాష్ట్ర బడ్జెట్‌లో పద్దు ఉందా? శాఖ ఉద్యోగులే పని నేర్చుకుంటున్నారా, లేక విడిగా ఒక ఆఫీసు పెట్టి కన్సల్టెంట్లతో లాగిస్తున్నారా? ఈ చివరి ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. శాఖవాళ్లు సంతకాలకే పరిమితమైన చోట, కన్సల్టెంట్లు వెళ్లిన రోజునే పని కూడా వెళ్లిపోతుంది. ఊరివాళ్లు మళ్లీ మొదటికి వస్తారు. వాళ్ల పేరు మీద తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. ఇంటర్వ్యూలోనో చేరే ముందో ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడొద్దు.

తన చదువుకు విలువ ఉన్న చోటు కూడా చెప్తాను. 2018 అక్టోబరు నుంచి ప్రపంచ బ్యాంకు కొత్త పర్యావరణ, సామాజిక నిబంధనలు అమల్లోకి తెచ్చింది. భూమి పోయేవాళ్లకు పునరావాసం, గిరిజనులతో సంప్రదింపులు, ఫిర్యాదుల పరిష్కారం లాంటివి చూడటానికి ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు కావాలి. దాంతోపాటు టెండర్ పత్రాలు చదవడం, ఖర్చు లెక్కలు, ఎక్సెల్‌లో డేటా సరిచూడటం నేర్చుకోవాలి. సామాజిక రంగం నుంచి వచ్చిన పిల్లలు లెక్కల పని అకౌంటెంటుకే వదిలేస్తుంటారు, అక్కడే వెనకబడతారు. ఎంత మంచి పనైనా బిల్లు దగ్గర ఆగిపోతే ఊరికి చేరదు. కొన్నేళ్ల అనుభవం తర్వాత పై చదువు కావాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ) కోర్సులు చూడొచ్చు.

గ్రూప్-2 మాట. నోటిఫికేషన్ వస్తే రాయమనండి, ఉద్యోగం చేస్తూనే. జీతంలోంచి ప్రతి నెలా కొంత పక్కన పెట్టుకుంటే ప్రాజెక్టుల మధ్య ఖాళీ వచ్చినా ఆరు నెలలు ఇబ్బంది లేకుండా గడుస్తుంది. చేరే ముందు కాంట్రాక్టు కాగితంలో రెన్యూవల్ ఏడాదికోసారా, పీఎఫ్ ఉందా, ప్రసూతి సెలవు ఇస్తారా అన్నవి మీరిద్దరూ కూర్చుని చదవండి.