ర్యాప్ మాన్పిస్తే మా అబ్బోడు బాగుపడతాడా?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకమ్మ రాశారు. కొడుక్కి 20 ఏళ్ళు, బీకామ్ సెకండియర్‌లో కాలేజీ మానేశాడు, రాత్రిళ్ళు ర్యాప్ బ్యాటిల్స్ అని తిరుగుతున్నాడు, గంజాయితో మొదలై ఇప్పుడు కోడీన్ దగ్గుమందు దాకా వచ్చింది, వాళ్ళ నాన్న మాట్లాడటమే మానేశారు. ర్యాప్ మాన్పించి బెంగళూరులో ఏదో ఒక జాబ్‌లో పెట్టేయమంటారా అని అడిగారు.

అమ్మా, ఇప్పుడు జాబ్ వద్దు, బెంగళూరు అసలే వద్దు. చేతిలో జీతం, అడిగేవాళ్ళు లేని రూము, ఈ టైంలో అంతకన్నా డేంజర్ లేదు. ఇంకోటి, మీరు ర్యాప్‌నీ మత్తునీ ఒకే మూట కట్టేశారు. బ్యాటిల్ అంటే బూతులు తిట్టుకోవడం అనుకుంటాం గానీ, ఎదుటోడు అందరి ముందు పరువు తీస్తుంటే విని, వాడి మాటనే పట్టుకుని బీట్ తప్పకుండా ప్రాసతో తిప్పికొట్టాలి, అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళు ఎంత అడ్డుతగిలినా అవధాని పద్యం వదలడు చూడండి, అట్లాంటి పనే ఇది కూడా. దీనికి కావాల్సింది జ్ఞాపకం, చురుకుదనం. మత్తు దెబ్బకొట్టేది వాటినే. వాడికి ఇదే చెప్పండి, పరువు పోతోందంటే వినడు, దీనికి వింటాడు. అమెరికాలో డెట్రాయిట్ బ్యాటిల్స్‌లో పేరు తెచ్చుకున్న ర్యాపర్ ఎమినెమ్ 2007లో మెథడోన్ అనే మత్తుమందు ఓవర్‌డోస్‌తో చావు దాకా వెళ్ళొచ్చి, 2008 ఏప్రిల్‌లో మత్తు మానేశాక కూడా ర్యాప్ వదల్లేదు. మ్యాక్ మిల్లర్ అనే ఇంకో ర్యాపర్ మాత్రం 2018లో 26 ఏళ్ళకే ఓవర్‌డోస్‌తో పోయాడు.

ముందు మీ ఊళ్ళో రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి. కోడీన్ ఓపియాయిడ్ జాతి మందు, అంటే నల్లమందు కోవది, గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పిస్తే ఒళ్ళునొప్పులు, విరేచనాలు, నిద్ర లేకపోవడం తట్టుకోలేక మళ్ళీ అటే పోతాడు, పైగా కొన్నాళ్ళు ఆపి మళ్ళీ పాత డోసే తాగితే ప్రాణం మీదకొస్తుంది. పోలీసులకి భయపడి ఆగొద్దు, మత్తుపదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది, వాడకం కేసుల్లో తనంతట తాను గవర్నమెంట్ గుర్తించిన చోట ట్రీట్‌మెంట్‌కి వెళ్ళి పూర్తి చేసుకునేవాళ్ళకి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ. హాస్పిటల్‌కి వెళ్ళేముందే మాట్లాడాలంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, మానసిక సమస్యలకి 14416 ఉంది.

బ్యాటిల్స్‌కి మాత్రం కొన్నాళ్ళు పంపొద్దు, ఎందుకంటే సరుకు తిరిగేది ఆ గుంపులోనే కదా. ఇంట్లో రాసుకోనివ్వండి, ఫోన్లో రికార్డ్ చేసుకోనివ్వండి, ఆ గోల మీరు భరించాల్సిందే.

చదువు సంగతి, డాక్టర్ సరే అన్నాక కాలేజీలో రీఅడ్మిషన్ అడగండి. తర్వాత సౌండ్ ఎడిటింగ్ నేర్చుకోవచ్చు, లయ మీద పట్టు కావాలంటే ఊళ్ళోనే టీటీడీ వాళ్ళ ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, మృదంగం గురించి కనుక్కోండి. పాటలు రాసేవాళ్ళ రాయల్టీ హక్కుని 2012 కాపీరైట్ సవరణ గట్టి చేసింది, కాబట్టి పాట ఎవరికైనా ఇచ్చేటప్పుడు కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి.

ఓపీకి వాళ్ళ నాన్నని కూడా తీసుకెళ్ళండమ్మా, ఇంట్లో ఎట్లా ఉండాలో డాక్టర్ ఆయనకీ చెప్పాలి.