ఆస్ట్రానమీ చదివితే అన్నం పెడుతుందా?

నంద్యాల నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ల అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది, ఫిజిక్స్, లెక్కలు బాగా చేస్తుంది, సీఎస్‌ఈ వద్దు ఆస్ట్రానమీ చదువుతానని పట్టుబట్టింది. బంధువులేమో ఆ చదువుకి ఉద్యోగాలెక్కడున్నాయని భయపెడుతున్నారట, ఇంట్లో రోజూ టెన్షనేనట.

అయ్యా, ముందు ఆ టెన్షన్ కొంచెం దించుకోండి. మన దగ్గర డిగ్రీలోనే ఆస్ట్రానమీ చదివేవాళ్లు చాలా తక్కువ, ఎక్కువమంది ఫిజిక్స్ చదివో ఇంజినీరింగ్ చేసో తర్వాత అటు వెళ్తారు. కాబట్టి మీ అమ్మాయి ఈ ఏడాది ఎంచుకోవాల్సింది ఫిజిక్స్ గట్టిగా నేర్పే కాలేజీ ఒకటి, అంతే. జీవితమంతా ఇప్పుడే తేల్చేయాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, ఇస్రో ఉద్యోగం వేరు, ఆస్ట్రానమీ వేరు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌక వెళ్లింది కదా, రాకెట్టు ఇస్రో ఇంజినీర్లది, అందులో సూర్యుడి కరోనాను, అంటే బయటి వాతావరణాన్ని, చూసే పెద్ద పరికరం మాత్రం బెంగళూరులోని ఖగోళ పరిశోధన సంస్థ ఐఐఏ తయారుచేసింది. మీ పాపకి ఏ వైపు ఇష్టమో అడగండి, చాలామంది పిల్లలకి ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇక ఆ పని ఎలా ఉంటుందంటే, రాత్రంతా టెలిస్కోపుకి కన్ను ఆనించి కూర్చునే రోజులు ఎప్పుడో పోయాయి. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న టెలిస్కోపుని బెంగళూరు పక్కన హోసకోటె నుంచి నడుపుతారు. 2025లో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఎన్‌సీఆర్‌ఏలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని, ఆమె గైడ్ కలిసి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు డేటాలో ఒక సర్పిల (చుట్టలు తిరిగిన) గెలాక్సీని పట్టుకుని అలకనంద అని పేరు పెట్టారు. విశ్వం పుట్టి 150 కోట్ల ఏళ్లే అయిన కాలం నాటి గెలాక్సీ అది, అంత తొందరగా అంత చక్కని ఆకారం ఎలా వచ్చిందన్నది ఇప్పుడు అందరి ముందూ ఉన్న ప్రశ్న. నాకైతే ఆ వార్త చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. కానీ ఆ పనంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసిందే. చిలీలో కొత్తగా మొదలైన రూబిన్ అబ్జర్వేటరీ ఒక్క రాత్రికి దాదాపు 20 టెరాబైట్ల డేటా ఇచ్చేలా కట్టినది, కోడింగ్ రాకుండా అందులో ఏం వెతుకుతారు?

ఓపిక కూడా కావాలి, మామూలు ఓపిక కాదు. పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటితో పల్సర్లను, అంటే గడియారంలా క్రమంగా రేడియో సంకేతాలు పంపే చనిపోయిన నక్షత్రాలను, ఏళ్ల తరబడి కొలిచి, ఐరోపా వాళ్ల దాదాపు 25 ఏళ్ల కొలతలతో కలిపి, చాలా నెమ్మదిగా ఊగే గురుత్వ తరంగాల (స్థలకాలంలో పుట్టే అలల) ఆనవాళ్లు ఉన్నాయని 2023 జూన్‌లో చెప్పగలిగారు. ఆ బృందంలో ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు.

డబ్బు మాట దాచను. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, కాబట్టి పీహెచ్‌డీలో చేరినప్పటినుంచి మీరు డబ్బు పంపక్కర్లేదు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే రెండు మూడేళ్ల కాంట్రాక్టు పరిశోధన ఉద్యోగం, చాలాసార్లు వేరే దేశంలో, అలా ఒకటి రెండు చేశాక ముప్పై దాటిన తర్వాత పర్మనెంట్ పోస్టు వస్తే వచ్చినట్టు, అందరికీ రాదు. రానివాళ్లు ఊరికే కూర్చోరు, ఆ కోడింగ్, ఆ గణాంకాలతోనే డేటా సైన్స్ ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు. నా దగ్గరికి వచ్చిన అమ్మాయిల్లో నేను చూసింది మాత్రం వేరు, జీతం తక్కువని మానేసినవాళ్లకంటే, పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి ఒత్తిడి తట్టుకోలేక మానేసినవాళ్లే ఎక్కువ. ఆ విషయం మీరూ మీ ఆవిడా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి, అమ్మాయి ఎదుటే.

సైన్స్ చదువుల కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్ మీకు దగ్గర, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలో అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. ఈఏపీసెట్ కూడా రాయించండి, బీటెక్ చేసినవాళ్లనీ పరిశోధనకి తీసుకుంటారు, దారి మూసుకుపోదు. లక్షలు కట్టించుకుని స్పేస్ సైన్స్ అని పేరు పెట్టిన ప్రైవేటు కోర్సులకి మాత్రం అప్పు చేయొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను.

పరీక్షలు అయిపోయాక రెండు నెలలు పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకోమనండి, జూనివర్స్ వెబ్‌సైట్‌లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు ఉచితం, నిజమైన గెలాక్సీల ఫొటోలు చూసి వర్గీకరించాలి. పదో రోజుకి విసుగొచ్చిందా, ఇంకా కావాలంటోందా, మీకే కనిపిస్తుంది. సీట్లు తేలాక ఏది వచ్చిందో రాయండి, ఫీజు, హాస్టల్ లెక్కలు అప్పుడు చూద్దాం.