బుజ్జికి, ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు నీట్ మళ్ళీ రాయనన్నావని, బీఎస్సీ ఎమ్మెల్టీలో, అంటే ల్యాబ్ టెక్నాలజీ కోర్సులో చేరి ఆ తర్వాత మెడికల్ మైక్రోబయాలజీ చదువుతానంటున్నావని చెప్పి మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. "అంతా నీ వల్లే అక్కా, చిన్నప్పుడు దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి మైక్రోస్కోప్ చూపించావు" అని నన్ను కూడా తిట్టింది. తిట్టనీ. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల ల్యాబ్ కోటు వేసుకోబోతోందంటే గొప్పగానే అనిపించింది. కాసేపటికి దిగులు పట్టుకుంది. జీతాలు తక్కువ, ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి, అవి నీకు తెలిసే ఉంటాయి. నా దిగులు వాటి గురించి కాదు. చదువుతూ పో, తెలుస్తుంది.

ల్యాబ్‌లో తినకూడదు, జడ ముడేసుకోవాలి, కాళ్ళు కప్పే చెప్పులే వేసుకోవాలి, బయటికొచ్చే ముందు చేతులు కడుక్కోవాలి. ఇవన్నీ మీ మేడమ్ మొదటిరోజే చెబుతుంది. సెల్‌ఫోన్ సంగతి మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే చెప్పేవాళ్ళ చేతిలోనే ఫోన్ ఉంటుంది. గ్లవ్స్‌తో పట్టుకున్న ఫోన్‌ని ఇంటికొచ్చి చెంపకి ఆనించుకుంటారు. ఆ తర్వాత అదే పిల్లల చేతికిస్తారు. నీ ఫోన్ బయట లాకర్‌లోనే ఉండాలి.

గ్రామ్ స్టెయిన్, అంటే స్లయిడ్ మీద బ్యాక్టీరియాకి రంగు వేసి ఊదావి, గులాబీవి అని విడదీయడం, 1884 నాటి పద్ధతి. ఎన్ని మిషన్లొచ్చినా డాక్టరుకి మొదటి కబురు ఇప్పటికీ దాంతోనే వెళ్తుంది. వరసగా పోసేవి క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. అందరూ జారేది ఆల్కహాల్ దగ్గరే. కాస్త ఎక్కువసేపు పోశావంటే ఊదాగా కనబడాల్సిన స్టాఫిలోకాకస్ కూడా గులాబీ రంగుకి తిరిగిపోతుంది, అక్కడ వార్డులో మందు మారిపోతుంది. అందుకే తెలిసిన బ్యాక్టీరియాతో చేసిన స్లయిడ్ ఒకటి పక్కన పెట్టుకుని రెండిటికీ కలిపి రంగు వెయ్యి. టైమ్ లేదని మానెయ్యకు.

అగార్ సంగతి, అదే బ్యాక్టీరియాని పెంచే ప్లేట్లలో పోసే జెల్లీ సంగతి, నీకు చెప్పానో లేదో. టీబీ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ గారి దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సే, బ్యాక్టీరియాని పెంచే జెలటిన్ ఎండలకి కరిగి నీరైపోతోందని తల పట్టుకుంటే, ఆయన భార్య ఫానీ హెస్సే, తను వంటింట్లో జెల్లీలకి వాడే అగార్ వాడి చూడమంది. ఇది 1881 ప్రాంతంలో. నువ్వు పోయబోయే ప్రతి ప్లేటూ ఆవిడ వంటింటి చలవే. పుస్తకాల్లో కాక్ గారికి ఒక పాఠం ఉంటుంది, ఆవిడకి ఒక లైన్ ఉంటే గొప్ప.

ఇక శాంపిళ్ళు. సగం తప్పులు అవి మన టేబుల్ మీదికి రాకముందే జరిగిపోతాయి. ఈ.కోలై అనే బ్యాక్టీరియా అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే మూడు గంటల్లో ఒకటి 512 అవుతుంది. మన వేసవిలో వార్డు కిటికీలో పొద్దున్నుంచి కూర్చున్న యూరిన్ సీసాని మధ్యాహ్నం కల్చర్ పెడితే, అంటే ప్లేటు మీద పెంచి చూస్తే, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు గంటల్లోపు రాలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టమను. కానీ ఇదే అలవాటు మీద వెన్నులోంచి తీసిన నీటిని కూడా ఫ్రిజ్‌లో పెట్టేస్తారు, అది మహాపాపం. మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ చలికి చచ్చిపోతుంది. "ఏమీ పెరగలేదు" అని మనం నిశ్చింతగా రాసేస్తాం, అవతల పిల్లవాడు ఫిట్స్‌తో కొట్టుకుంటుంటాడు. రక్తం కల్చర్ యాంటీబయాటిక్ పడకముందే తియ్యాలి. కళ్ళె పరీక్షకని ఉమ్మి తెచ్చిస్తే తీసుకోకు. లోపల్నించి దగ్గి తెమ్మని ఓపిగ్గా చెప్పి పంపించు. ముసలివాళ్ళని విసుక్కోకు.

టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. మన ఊళ్ళల్లో ఎవరికి మూడు రోజులు జ్వరమొచ్చినా వైడాల్ చేయించడం, చీటీ మీద ఏదో అంకె రాగానే టైఫాయిడ్ అనేసి సెలైన్ ఎక్కించడం. ఆ పరీక్ష చూసేది బ్యాక్టీరియాని కాదు, దానిమీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని. ఎప్పుడో వచ్చిపోయిన జబ్బుకీ అవి ఉంటాయి, టీకాకీ ఉంటాయి. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాడికి మొదటి వారంలో లేకపోవచ్చు కూడా. ఆ వారంలో నమ్మాల్సింది రక్తం కల్చర్‌ని. నువ్వు రేపు ఏ ప్రైవేటు ల్యాబ్‌లో కూర్చున్నా, ఓనర్ ఏం రాయమన్నా, చూసింది చూసినట్టే రాయి.

ప్లేటు మీద ఏమీ పెరగనంత మాత్రాన బ్యాక్టీరియా లేనట్టు కాదు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చేది కణాల లోపలే బతుకుతుంది, మన అగార్ దానికి పనికిరాదు. పేషెంటు చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కడుతుంది, దాన్ని వెతికి చూసిన డాక్టరే అక్కడ మనకన్నా మేలు. దానికి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. ఆ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ నుంచి వచ్చేనాటికి అక్కడి పరిశోధనని నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మీ అమ్మకి ఈ మాట చెప్పు, కాస్త కుదుటపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరి పేరు వద్దులే, ఒక ఆస్పత్రిలో జరిగింది. వానాకాలం. ఒక వరి రైతు నెల్లాళ్ళుగా జ్వరంతో చేరాడు. మనిషి కట్టెలా అయిపోయాడు. షుగరుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. కళ్ళె పరీక్షలో టీబీ క్రిములు కనబడలేదు, అయినా అది టీబీయే అయ్యుంటుందని మందులు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అలాగే చేసేవారు, ఇప్పుడూ చేసేవాళ్ళున్నారు. కొన్నాళ్ళకి తొడ మీద గడ్డ లేచింది. ఆ చీము మా ల్యాబ్‌కి వచ్చింది.

కల్చర్‌లో గ్రామ్ నెగటివ్ కడ్డీలు, అంటే గులాబీ రంగు పట్టే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా పెరిగాయి. ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పరీక్ష పాజిటివ్. మా ఇన్‌చార్జి చూసి, "సూడోమోనాస్‌లా ఉంది, బయటి నుంచి కలిసిపోయి ఉంటుంది" అని రాసి పంపించేశారు. సూడోమోనాస్ అంటే నీళ్ళలో, మట్టిలో మామూలుగా ఉండే బ్యాక్టీరియా. మట్టి వాసన వస్తోందే అని ప్లేటు మూత తీసి వాసన కూడా చూశారు. తర్వాత రక్తం వచ్చింది. అందులోనూ అదే పెరిగింది. చీములో వచ్చింది రక్తంలోనూ వచ్చిందంటే అది పైనుంచి పడింది ఎలా అవుతుంది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మళ్ళీ "కంటామినేషన్" అనే రాశారు. రిక్వెస్ట్ ఫారంలో వృత్తి దగ్గర వ్యవసాయం అని ఉంది, షుగర్ అని ఉంది, గడ్డ అని ఉంది. ఆ కాగితాన్ని మేం నంబరు వేసుకోవడానికి మాత్రమే వాడేవాళ్ళం.

అప్పుడే వేలూరులో చదువుకుని వచ్చిన ఒక డాక్టరమ్మ చేరింది. పాత ప్లేట్లు పారెయ్యడానికి ట్రేలో పెడితే, అందులోంచి ఆ ప్లేటు తీసి చూసింది. నాలుగైదు రోజులుగా ఉండిపోయిందేమో, మొదట నున్నగా ఉన్న కాలనీలు ఎండిపోయి ముడతలు పడ్డాయి. యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి చూసింది. జెంటామైసిన్‌కి లొంగలేదు, కొలిస్టిన్‌కీ లొంగలేదు, ఆగ్మెంటిన్‌కి లొంగింది. మామూలు సూడోమోనాస్ అయితే ఆగ్మెంటిన్‌కి లొంగదు. అది బర్ఖోల్డేరియా సూడోమల్లై. జబ్బు మెలియాయిడోసిస్. మట్టిలో, బురదనీళ్ళలో ఉంటుంది, కాళ్ళకున్న గాయాల్లోంచో పీల్చే తుంపరల్లోంచో లోపలికి పోతుంది, షుగరున్నవాళ్ళని ఎక్కువగా పట్టుకుంటుంది. దీన్ని మొదట రాసినవాళ్ళు 1912లో రంగూన్‌లో విట్మోర్, కృష్ణస్వామి. కొత్త జబ్బేమీ కాదన్నమాట. సెఫ్టాజిడిమ్‌తోనో మెరోపెనెమ్‌తోనో తక్కువలో తక్కువ పది పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు, ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ మాత్రలు వేసుకుంటే మనిషి బతికే అవకాశముంది. టీబీ మందులు దానిమీద ఏ మాత్రం పనిచేయవు.

డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని వార్డుకి పరిగెత్తింది. ఆ రైతుని అంతకు ముందే ఇంటికి తీసుకెళ్ళిపోయారు. పోయాడని తర్వాత తెలిసింది.

2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా మనుషులు పోతున్నప్పుడు ఈ జబ్బు పేరు పేపర్లలో చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరి పండించే దేశంలో ఉన్నాం తల్లీ. చీములోనూ రక్తంలోనూ ఒకే క్రిమి పెరిగితే కలిసిపోయిందని రాసే ముందు ఫారం మొత్తం చదువు. అనుమానముంటే వార్డుకి ఫోన్ చెయ్యి. "ల్యాబ్ అమ్మాయికి ఇవన్నీ ఎందుకు" అని కసురుకుంటారు, కసురుకోనీ. ప్లేట్లని నలభై ఎనిమిది గంటలకే పారేయకు.

ఇంకోటి, ప్లేటుని వాసన చూడొద్దు. మీ సీనియర్లు చూస్తారు, "సూడోమోనాస్ ద్రాక్షపండు వాసనొస్తుంది" అని నీకు నేర్పబోతారు కూడా. నువ్వు మాత్రం మూత తియ్యకు. మేకలు, గొర్రెల దగ్గర పనిచేసేవాళ్ళకి వచ్చే బ్రూసెల్లా, కల్చర్ వాసన చూసిన ల్యాబ్ వాళ్ళకీ వస్తుంది. ఆ రైతు రిపోర్టు బయటపడ్డాక మా ఇన్‌చార్జి కొన్ని వారాలు ఎవరూ చూడకుండా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని వేడి చూసుకునేవారు. మేమూ అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కొన్ని వారాలూ మీ తాతగారు నేను దగ్గితే లేచి కూర్చునేవారు. అనుమానం ఉన్న కల్చర్‌ని, క్రిముల్ని బయటికి రానివ్వని సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరువు. ఆ క్యాబినెట్ పాడైపోయిందంటే పని ఆపెయ్యి. మార్కులు పోతే పోనీ.

చూశావా, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చానో. నిన్ను భయపెట్టాలని కాదు. నీకు నాకన్నా ఓపికుంది. చిన్నప్పుడు పెరుగుచుక్కని స్లయిడ్ మీద పెడితే కదలకుండా కళ్ళప్పగించి చూసిన పిల్లవి, "ఇవి మనల్ని ఏమీ చెయ్యవా పెద్దమ్మా" అని అడిగావు. ఏమీ చెయ్యనివే ఎక్కువ. పేగుల్లో ఉన్నంతసేపు ఈ.కోలై కూడా మనతో సఖ్యంగానే ఉంటుంది, యూరిన్ దారిలోకి పోతేనే పేచీ.

హెపటైటిస్ బి టీకా మొదటి డోసు ఈ వారంలోనే వేయించుకో, తర్వాత నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. అది బ్యాక్టీరియా కాదని నాకు తెలుసు, నాకు పాఠం చెప్పకు. సూది గుచ్చుకునే ఉద్యోగం నీది. మూడూ అయ్యాక రక్తపరీక్ష చేయించి రక్షణ వచ్చిందో లేదో చూసుకో. డబ్బులు నేను పంపిస్తాను, మీ నాన్నని అడగకు. కార్డు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ