ఓడ నీటిలో చేసే శబ్దాన్ని ఎలా కొలుస్తారు?
లోతైన సముద్రంలో ఈ కొలతకు 2016లో వెలువడిన ఐఎస్ఓ 17208-1 ప్రమాణాన్ని పాటిస్తారు. మూడు హైడ్రోఫోన్లను, అంటే నీటిలో పనిచేసే మైకులను, వేర్వేరు లోతుల్లో వేలాడదీసి, ఓడను వాటి పక్కగా నిలకడైన వేగంతో నడిపిస్తారు. ఓడకూ హైడ్రోఫోన్లకూ మధ్య దూరం కనీసం 100 మీటర్లు లేదా ఓడ పొడవు, వీటిలో ఏది ఎక్కువైతే అంత ఉండాలి. దూరం వల్ల తగ్గిన శబ్దాన్ని తిరిగి కలిపి, ఓడకు 1 మీటరు దూరంలో ఎంత ఉంటుందో లెక్కగడతారు: 100 మీటర్లకైతే 40 డెసిబెళ్లు కలపాలి. చాలామంది పొరబడేది డెసిబెళ్ల దగ్గరే. డెసిబెళ్లను లెక్కగట్టేందుకు ఆధారంగా తీసుకునే పీడనం నీటిలో 1 మైక్రోపాస్కల్, గాలిలో 20 మైక్రోపాస్కళ్లు. ఈ ఒక్క కారణంగానే 26 డెసిబెళ్ల తేడా వస్తుంది కనుక, ఓడ శబ్దాన్ని విమాన శబ్దంతో నేరుగా పోల్చడం తప్పు. వేగం పెరిగితే ప్రొపెల్లర్ రెక్కల వద్ద ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ మోత పెంచుతాయి కాబట్టి, కొలిచినప్పటి వేగాన్నీ తప్పక నమోదు చేస్తారు.